గిన్నె అడుగున ఎర్రమట్టి పలుకు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో జపాన్ టీ గిన్నెల గురించి వచ్చిన వ్యాసాన్ని మా చెల్లెలు ఫోన్‌లో ఫోటో తీసి పంపింది. "నువ్వుండే ఊరి సంగతే రాశారు, చూడు" అని కింద ఒక మాట. నేను పదమూడేళ్ళుగా జపాన్‌లో గిఫు ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) లోని తజిమి ఊళ్ళో ఉంటున్నాను. టైల్స్ ఫ్యాక్టరీలో గ్లేజు సెక్షన్‌లో నా ఉద్యోగం. మట్టి, పూత, మంట తప్ప ఇంకో ప్రపంచం తెలియదు. అందుకే వ్యాసాన్ని పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. మన భాషలో షినో గిన్నెల (తెల్లటి మందపు పూత వేసిన టీ గిన్నెల) గురించి రాసినవాళ్ళు కనిపించడమే అరుదు కాబట్టి ముందు సంతోషించాను. రెండోసారి చదివేటప్పుడు మూడు చోట్ల ఆగాల్సి వచ్చింది. ఆ మూడు చోట్ల గురించే ఈ ఉత్తరం.

మొదటిది. షినో విద్య "నాలుగు వందల ఏళ్ళుగా తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి చెక్కుచెదరకుండా అందుతోంది" అని రాశారు. అందలేదండీ. మధ్యలో తెగిపోయింది. 16వ శతాబ్దం చివర, మొమొయామా కాలంలో చేసిన ఆ తెల్లటి మందపు పూత గిన్నెల పద్ధతి 17వ శతాబ్దంలోనే వాడుక తప్పింది. 20వ శతాబ్దం వచ్చేసరికి వాటిని ఎలా చేశారన్నది అటుంచండి, ఎక్కడ చేశారన్నది కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలుసనుకున్నది తప్పు. ఆ తప్పే మీ వ్యాసంలోనూ ఉంది: "సెటో పట్టణపు షినో గిన్నెలు" అని. ఇది నేను ఆగిన రెండో చోటు.

ఇందులో మీ రచయితని పూర్తిగా తప్పుపట్టలేను. 1930 దాకా జపాన్‌లో పండితులంతా అలాగే అనుకున్నారు. ఐచి ప్రిఫెక్చర్‌లోని సెటో ఎంత పేరున్న ఊరంటే, పింగాణీ సామానుకి జపనీస్‌లో మామూలు మాటే "సెటోమోనో". సెటో వస్తువు అని అర్థం. పసుపు పూత గిన్నెలకి "కిజెటో", నల్లటి గిన్నెలకి "సెటోగురో" అని పేర్లు. రెండింట్లోనూ సెటో ఉంది. రెండూ చేసింది మాత్రం సెటోలో కాదు, కొండల అవతల మినోలో, అంటే ఇప్పటి గిఫు దక్షిణ భాగంలో. ఈ సంగతి తేలాక కూడా పేర్లు మారలేదు. మా ఊరివాళ్ళకి ఇప్పటికీ ఆ విషయంలో కాస్త ఉక్రోషం ఉంది. పదమూడేళ్ళలో నాకూ అంటుకుంది.

దీన్ని తేల్చిన మనిషి పేరు అరకావా తొయోజో. మీ వ్యాసంలో ఆయన పేరు ఎక్కడా లేదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఆయన 1894లో తజిమిలోనే పుట్టారు. 1930 నాటికి 36 ఏళ్ళు. అప్పుడు కమకురాలో, కితఓజి రొసాన్‌జిన్ నడిపే ఆవం దగ్గర పనిచేసేవారు. రొసాన్‌జిన్ అంటే వంటలోనూ, వడ్డించే పాత్రల్లోనూ జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకునే పేరు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నగోయా వచ్చినప్పుడు తొయోజోకి ఒక పాత షినో టీ గిన్నె చూసే అవకాశం దొరికింది. పక్కన వెదురు కొమ్ముల బొమ్మ, నాలుగు గీతల్లో గీసినది. అందరూ ఆ బొమ్మ చూస్తారు. ఆయన గిన్నెని బోర్లించి చూశారు. అడుగున, కుదురులాంటి చుట్టు లోపల, ఎర్రమట్టి పలుకు ఒకటి అంటుకుని ఉంది. ఆవంలో గిన్నె కింద ఆనించి పెట్టే మట్టి, కాలేటప్పుడు కరుచుకుపోయింది. మూడు శతాబ్దాలకి పైగా ఎవరూ గీకి పారేయలేదు. అదృష్టం.

ఆ ఎరుపు సెటో మట్టిది కాదు. మినోలో పుట్టి పెరిగిన కుమ్మరికి అక్కడ అనుమానం వచ్చింది. ఓగాయా అనే కొండ పల్లె దగ్గర పాత ఆవాల జాడలున్నాయని, అక్కడ తను ఒకప్పుడు పెంకులు ఏరిన సంగతి గుర్తొచ్చింది. ఆలస్యం చేయకుండా బయల్దేరి వెళ్ళారు. అక్కడ ముతబొరా అనే చోట, అడవిలో, పాత ఆవం పక్కన పెంకుల దిబ్బ తవ్వితే ఒక షినో పెంకు దొరికింది. దాని మీద అదే వెదురు కొమ్ముల బొమ్మ.

కథగా చెబితే ఎవరైనా ఇక్కడ చప్పట్లు కొట్టి ముగిస్తారు. నా ఉద్యోగం వల్ల నాకు ఇక్కడి నుంచే ఆసక్తి. ఆ పెంకు దొరికిన చోటేమిటి? ఆవం నుంచి తీయగానే పగిలినవి, వంగినవి, పూత కారిపోయినవి విసిరేసే దిబ్బ. దాన్ని ఇక్కడ "మోనోహరా" అంటారు. అంటే మొమొయామా కుమ్మరుల రిజెక్ట్ పెట్టె అన్నమాట. పగలని గిన్నె పెద్దింటి చెక్కపెట్టెలో పట్టుగుడ్డలో ఉంటుంది. దాన్ని చూడొచ్చు, మహా అయితే చేతిలోకి తీసుకోవచ్చు. పగలగొట్టి చూడనివ్వరు కదా! పగిలిన పెంకు అయితే అడ్డంగా విరిగిన చోట అన్నీ చూపిస్తుంది. మట్టి ఎంత ఇసుకగా ఉందో, పూత ఎంత మందమో, ఇనప రంగు పూత కింద వేశారో పైన వేశారో, మంట లోపలిదాకా చేరిందో లేదో. ఉడకనిది తెలుస్తుంది, మాడింది తెలుస్తుంది. రెండిటి మధ్య సరైనది ఎక్కడుందో లెక్క కట్టుకోవచ్చు. గురువు లేని విద్యకి అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదు. మా ల్యాబ్‌లో కొత్త గ్లేజు ఫెయిలయినప్పుడు నేను చేసేదీ అదే, టైలుని విరిచి అంచు చూడటం.

తొయోజో కమకురా పని వదిలేసి 1933లో ఆ ముతబొరాలోనే, పాత ఆవం పక్కనే, ఆ తరహా ఆవం కట్టుకున్నారు. ఒకే గది, సగం నేలలో, సగం పైన. కట్టెలు పెట్టి రోజుల తరబడి కాల్చాలి. తొలి ప్రయత్నాలు ఫలించలేదు. ఎందుకు ఫలించలేదో చెప్పాలంటే ఆ గిన్నెలో ఏముందో కాస్త చెప్పాలి. ఓపిక పట్టండి, ఇది నాకు ఇష్టమైన భాగం.

షినో మట్టిని ఇక్కడ "మొగుసా" అంటారు. తెల్లగా, గుల్లగా, ఇనుము తక్కువగా ఉంటుంది. జిగురు మాత్రం లేదు. ఊళ్ళో శనివారాలు పెద్దవాళ్ళు నడిపే క్లాసుకి మూడేళ్ళు వెళ్ళాను. మొదటిరోజు ఆ మట్టి చేతిలోకి తీసుకోగానే నాకు గుర్తొచ్చింది జొన్నపిండి. గోధుమపిండిలా సాగదు. లాగితే అంచు దగ్గర పగులుతుంది. కాబట్టి గోడ పలచగా లేపలేరు, మందంగానే ఉంచాలి. పైగా నిదానంగా తిప్పాలి. ఆ గిన్నెల బరువైన, కాస్త వంకర ఆకారంలో సగం ఆ మట్టి ఇచ్చిందే. మిగతా సగం చేసినవాడి చెక్క గరిటెది.

పూత దాదాపు అంతా ఫెల్డ్‌స్పార్ రాయిపొడి. అందులో బూడిదా అదీ కలిపి పలచన చేయరు. అది కరిగినా నీళ్ళలా పారదు, చిక్కటి గంజిలా కదలకుండా ఉంటుంది. లోపలి గాలి బుడగలు పైకొచ్చి పగిలితే, ఆ గుంట పూడేంత జారుడు ఆ పూతకి లేదు. అందుకే పైనంతా సూదిపోట్లు. ఇక్కడివాళ్ళు దాన్ని "యుజు" పండు తొక్కతో పోలుస్తారు. అదొక రకం నిమ్మ. పూత పలచబడ్డ అంచుల దగ్గర మట్టిలోని ఆ కాస్త ఇనుము ఎర్రగా, నిప్పు కణికలా తేలుతుంది. దాన్ని "హిఇరో", మంట రంగు, అంటారు. ఎక్కువసేపు మంట, ఆ తర్వాత మెల్లగా చల్లారడం, రెండూ కావాలి. తొందరపడితే పూత తెల్లటి సున్నంలా మొండిగా మిగులుతుంది. అతిగా కాలిస్తే గాజులా మెరిసి, ఆ మెత్తదనం పోతుంది.

అసలు ఆ పద్ధతి ఎందుకు పోయిందో కూడా ఇక్కడే ఉంది. 17వ శతాబ్దం మొదట్లో మినోకి కొత్తరకం ఆవం వచ్చింది. దక్షిణాన క్యూషూ దీవి వైపు కరత్సులో వాడుతున్న, కొండవాలు మీద గదులు గదులుగా మెట్లలా ఎక్కే ఆవం. ఒకేసారి ఎన్నో వస్తువులు, తక్కువ కట్టె. మంట తీరు మారేసరికి పూత తీరూ మారింది. టీ గురువుల అభిరుచి కూడా మారింది. కుమ్మరులకి నష్టం లేదు, లాభమే. షినో మాత్రం పోయింది. ఎవరూ దాచిపెట్టలేదు, ఎవరూ నిషేధించలేదు. మెరుగైన ఆవం వచ్చి పాతదాన్ని తినేసింది. మా ఫ్యాక్టరీ కొలిమిలో టైలు రోలర్ల మీద ఈ చివర ఎక్కి గంటలోపే ఆ చివర దిగుతుంది. ఆ కొత్త ఆవం తెచ్చుకున్న కుమ్మరుల్ని నేనెలా తప్పుపడతాను?

ఇప్పుడు మూడో చోటు. "జపాన్ కళాకారులు లోపాలను కావాలని అలాగే వదిలేస్తారు, అదే వాబి-సాబి" అని ఉంది. ఈ మాట ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తోంది. నన్నడిగితే అది చేసినవాడి కష్టాన్ని మింగేసే మాట. నా ఉద్యోగమే సూదిపోట్లు పడ్డ టైళ్ళని బెల్టు మీద నుంచి ఏరి పారేయడం. నాకు సూదిపోటు అంటే టెన్షన్. వరసగా పది కనిపిస్తే ఆ పూటకి తిండి సయించదు. అలాంటి నేను మా సెక్షన్ పెద్దాయనతో కలిసి ఒకసారి టోక్యోలో "ఉనొహనగాకి" అనే షినో గిన్నె చూశాను. మిత్సుయి మ్యూజియంలో ఉంటుంది. జపాన్‌లో చేసిన టీ గిన్నెల్లో జాతీయ సంపద హోదా ఉన్నవి రెండే, అందులో ఇదొకటి. ముతబొరాలోనే కాల్చిందంటారు. గిన్నె నిండా సూదిపోట్లు, ఒకచోట పూత ముడుచుకుని మట్టి బయటపడింది. పెద్దాయన అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా చూసి, "మన బెల్టు మీద వస్తే తీసి పక్కన పడేసేవాణ్ణి" అన్నారు. తర్వాత చాలాసేపు అక్కణ్ణించి కదల్లేదు.

అవి వదిలేసిన లోపాలు కావు. ఆ సూదిపోట్లు అలా, ఆ ఎరుపు ఆ అంచునే తేలేలా రాబట్టడానికి తొయోజో ఏళ్ళ తరబడి అడవిలో ఆవం ముందు కూర్చున్నారు. నేను క్లాసులో చేసిన మొదటి మూడు షినో గిన్నెలకీ సూదిపోట్లు రానేలేదు. చక్కగా, నున్నగా, బాత్రూమ్ టైలులా వచ్చాయి. అలవాటున్న చేయి కదా, పూత పలచగా వేశాను. అందరూ నవ్వారు. నాలుగోదానికి పట్టుదలగా మందంగా వేస్తే, ఆరేటప్పుడే బెడ్డలుగా రాలిపోయింది. లోపం తెప్పించడం అంత తేలిక కాదని అప్పుడు అర్థమైంది.

సెటోగురో సంగతి ఇంకోలా ఉంటుంది, ఒక్క ముక్కలో చెప్తాను. ఇనుమున్న పూత వేసిన గిన్నెని, ఆవం భగభగ మండుతుండగానే పొడవాటి పట్టకారుతో బయటికి లాగేస్తారు. గబుక్కున చల్లారి కారునలుపు వస్తుంది. లోపలే చల్లారనిస్తే ఆ నలుపు రాదు. తొయోజో దీన్నీ తిరిగి పట్టుకున్నారు.

1955లో జపాన్ ప్రభుత్వం మొట్టమొదటిసారి "సజీవ జాతీయ సంపద" అని జనం పిలుచుకునే హోదా ఇచ్చినప్పుడు, షినోకీ సెటోగురోకీ కలిపి తొయోజోకి ఇచ్చింది. అప్పుడాయనకి 60 ఏళ్ళు. ఆ మొదటి జట్టులోనే హమదా షోజి, తొమిమొతో కెన్‌కిచి, ఇషిగురో మునెమారో కూడా ఉన్నారు. మూడు చోట్లన్నాను గానీ, మీ వ్యాసంలో దీన్ని కూడా "ప్రభుత్వం జీతమిచ్చి పోషిస్తుంది" అన్నట్టు రాశారు. జీతం కాదు. ఇప్పుడు ఏడాదికి 20 లక్షల యెన్లు ఇస్తారు. తన పని మెరుగు పరుచుకోవడానికి, నేర్పడానికి వాడాలని ఉద్దేశం. కట్టెలతో కాల్చే ఆవం నడిపే మనిషికి ఆ డబ్బు ఎంతవరకు వస్తుందో కట్టెల కొట్టు బిల్లు చూసినవాళ్ళకి తెలుసు.

ఇంకో మాట చెప్పకపోతే నేను ఒకవైపే చెప్పినట్టవుతుంది. పాతదాన్ని తిరిగి పట్టుకోవడంలో ఒక ప్రమాదం ఉంది: మరీ బాగా పట్టుకోవడం. అదే తరంలో సెటోలో కాటో తొకురో అనే గొప్ప కుమ్మరి ఉండేవారు. ఎయినిన్ కాలం నాటిదని, అంటే 1294 నాటిదని చెక్కి ఉన్న ఒక కూజాని ప్రభుత్వం 1959లో ముఖ్య సాంస్కృతిక ఆస్తిగా ప్రకటించింది. తర్వాత అది తన పనేనని తొకురో చెప్పారు. పెద్ద గొడవై, 1961లో ఆ హోదా రద్దు చేశారు. నిపుణులు పరువు పోగొట్టుకున్నారు. చిత్రమేమిటంటే కుమ్మరిగా ఆయన పేరు మాత్రం పెరిగింది! మా ఊళ్ళో సాకె తాగిన రాత్రి ఈ కథ ఎత్తితే తెల్లారిపోతుంది. నా మటుకు నాకు, పెంకు దొరికిన రోజున దొరికిందని చెప్పి, ఆ పక్కనే తన పేరుతో తన గిన్నె చేసుకున్న తొయోజోయే దగ్గరివాడు.

తండ్రి నుంచి కొడుక్కి అన్నమాట సరిగ్గా అతికే చోటు లేకపోలేదు. క్యూషూలో, అరితా ఊళ్ళో పింగాణీ చేసే కకిఎమోన్ కుటుంబం. వారసుడైన ప్రతివాడూ అదే పేరు పెట్టుకుంటాడు. అక్కడ కూడా తెగింది చూడండి! ఆ ఇంటి ప్రత్యేకమైన పాలతెలుపు పింగాణీ 18వ శతాబ్దంలోనే ఆగిపోయింది. 12వ కకిఎమోన్, ఆయన కొడుకు 13వ కకిఎమోన్ కలిసి ఇంట్లోని పాత రాతలు తిరగేసి, రాళ్ళ పాళ్ళు మార్చి మార్చి చూసి, 1953లో మళ్ళీ సాధించారు. పేరు ఉంది, ఇల్లు ఉంది, రాత ఉంది, అయినా విద్య చేతుల్లోంచి జారిపోయింది. ఆ తెలుపుని "నిగొషిదె" అంటారు. నిగొషి అంటే ఆ ప్రాంతపు యాసలో బియ్యం కడిగిన నీళ్ళు. ఈ మాట విన్నప్పుడు నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. కడుగు రంగు అని ఒక పింగాణీకి పేరు పెట్టుకున్న జనం!

మొన్న అక్టోబర్‌లో మళ్ళీ ముతబొరా వెళ్ళాను. ఇప్పుడది కాని అనే పట్టణం కింద ఉంది. (తెలుగులో రాస్తే వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఏం చేయను, ఊరి పేరే అది.) తొయోజో బతికుండగానే, 1984లో, అక్కడ ఒక మ్యూజియం తెరిచారు. మరుసటి ఏడాది, 91 ఏళ్ళ వయసులో ఆయన పోయారు. తజిమి ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు, 2007 ఆగస్టులో 40.9 డిగ్రీలతో దేశం రికార్డు బద్దలు కొట్టిన ఊరు. అక్టోబర్‌లో మాత్రం ఆ అడవి బాగుంటుంది. ఆయన గిన్నెల కన్నా ఎక్కువసేపు నేను పెంకుల ముందే నిలబడ్డాను. పక్కన ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని "ఇవి పగిలిపోయినవి కదా, ఎందుకు పెట్టారు?" అని అడిగింది. వాళ్ళమ్మ చెప్పిన జవాబు నాకు వినపడలేదు, గుసగుసగా చెప్పింది.

మీకు చేసే విన్నపం రెండే ముక్కలు. సవరణ వేస్తే సెటో బదులు మినో అని, "చెక్కుచెదరకుండా" అన్న మాట తీసేసి వేయండి, అరకావా తొయోజో పేరు కలపండి. రెండోది ఫోటో గురించి. మీరు వేసిన గిన్నె ఫోటో అందంగానే ఉంది, పక్కనుంచి తీసింది, బొమ్మ కనిపించేలా. ఎప్పుడైనా మళ్ళీ షినో గిన్నె ఫోటో వేయాల్సి వస్తే, దయచేసి గిన్నెని బోర్లించి తీసింది వేయండి.

ఇట్లు,
తజిమి నుంచి మీ పాఠకుడు